టెక్సాస్‌లో ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి ఎంత, ఎన్ని వారాలు, ఎవరికి రాదు

మీరు ఒకే ప్రశ్నగా రాశారు గానీ అందులో ఆరు ప్రశ్నలున్నాయి. ఫిబ్రవరి చివరి వారంలో ఇర్వింగ్‌లో మీ ఉద్యోగం పోయింది. జీతం ఏడాదికి 1,30,000 డాలర్లు. ఎనిమిది వారాల సెవరెన్స్ (ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) ఇస్తామన్నారు, ఇంకా సంతకం పెట్టలేదు. మీకు గ్రీన్ కార్డు ఉంది, మీ వారికి ఉద్యోగం ఉంది. టెక్సాస్‌లో వారానికి 605 డాలర్లు మించి రావని ఎవరో చెప్పారు, నిరుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మీ తమ్ముడికి మాత్రం 875 వచ్చాయి. అది ఎందుకని, సెవరెన్స్ అయిపోయే దాకా ఆగాలా అని, అకౌంటింగ్ ఆఫీసులో వారానికి ఒక రోజు పని ఒప్పుకుంటే మొత్తం పోతుందా అని, అమ్మగారిని చూడటానికి రాజమహేంద్రవరం వెళితే ఏమవుతుందని, భృతికి పన్ను పడుతుందా అని అడిగారు. చివర్లో, మీ వారు సంపాదిస్తుండగా మీరు ప్రభుత్వం సాయం తీసుకోవడం సబబేనా అని రాశారు.

నేను టెక్సాస్‌లో చాలాకాలంగా పేరోల్ విభాగంలో పనిచేస్తున్నాను. ఎవరినైనా తీసేశాక వారు భృతికి దరఖాస్తు చేస్తే రాష్ట్ర కార్మిక విభాగం నుంచి కంపెనీకి ఒక నోటీసు వస్తుంది. ఎప్పుడు చేరారు, ఎందుకు పోయారు, చివర్లో ఏమి చెల్లించారు అని అడుగుతుంది. వాటికి జవాబులు రాయడం నా పనిలో భాగం. అందుకే ఎక్కడ డబ్బు ఆగుతుందో బల్లకు అటువైపు నుంచి చూసిన మనిషిగా చెబుతున్నాను.

ముందుగా మీ చివరి ప్రశ్న. దాని వల్లే మన వాళ్లు ఎంతోమంది అసలు దరఖాస్తే చేయరు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఇది పేదరికాన్ని చూసి ఇచ్చే సాయం కాదు. మీ యజమాని మీ పేరు మీద ప్రతి ఏడాదీ పన్ను కట్టి నడిపిన బీమా. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంతో ఇది దేశమంతటా వచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రం అంతకన్నా మూడేళ్ల ముందే, 1932లో, సొంతంగా చట్టం చేసుకుంది. ఇందులో మీ వారి జీతం అడగరు, బ్యాంకులో ఎంత ఉందో అడగరు, ఇల్లు ఉందా లేదా అని చూడరు. మీరు ఎంత సంపాదించారు, ఉద్యోగం ఎందుకు పోయింది, ఇప్పుడు పనికి సిద్ధంగా ఉన్నారా, ఈ మూడే చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన యువనేస్తం లాంటి పథకాలు మనసులో ఉండటం వల్ల ఈ మొహమాటం వస్తుందని నా అనుమానం. అది ఇంకా ఉద్యోగం దొరకని చదువుకున్న యువతకు నెలకు వెయ్యి రూపాయలు, తరువాత రెండు వేలు ఇచ్చిన పథకం. ఇక్కడిది దానికి పూర్తిగా వ్యతిరేకం, పనిచేసినవారికే వస్తుంది. మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం ఈఎస్ఐలో ఉన్న అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఈఎస్ఐలో చందా కట్టిన కార్మికుడికి ఉద్యోగం పోతే సగటు రోజు వేతనంలో సగం, 90 రోజుల వరకు ఇస్తారు. కాబట్టి మీరు ఎవరి వాటా తీసుకోవడం లేదు. ఈ వారమే దరఖాస్తు చేయండి.

'ఈ వారమే' అన్నది ఊరికే అన్న మాట కాదు. టెక్సాస్‌లో మీ క్లెయిము మీరు దరఖాస్తు చేసిన వారపు ఆదివారం నుంచి మొదలవుతుంది, ఉద్యోగం పోయిన రోజు నుంచి కాదు. మూడు వారాలు ఆగి దరఖాస్తు చేస్తే ఆ మూడు వారాలు మామూలుగా తిరిగి రావు. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, భృతి ఎంతో నిర్ణయించే లెక్క మొత్తం దరఖాస్తు తేదీ మీదే ఆధారపడుతుంది. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. భృతి గురించి విన్న గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది.

మీ భృతి మీ ఇప్పటి జీతం మీద లెక్క కట్టరు. 'బేస్ పీరియడ్' అనే పాత ఏడాది జీతాల మీద కడతారు. పూర్తయిన చివరి ఐదు త్రైమాసికాలను తీసుకుని, వాటిలో అన్నిటికన్నా కొత్తదాన్ని పక్కన పెట్టి, మిగిలిన నాలుగింటిని చూస్తారు. మీరు 2026 మార్చిలో దరఖాస్తు చేస్తే 2024 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు వరకు. అదే ఏప్రిల్ 1 తరువాత చేస్తే 2025 జనవరి నుంచి డిసెంబరు వరకు. ఒక్క రోజు తేడాతో మూడు నెలలు జరిగిపోతాయి. మీరు కొన్నేళ్లుగా ఒకేచోట పనిచేశారు కాబట్టి మీకు ఏ తేడా రాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి మాత్రం ఇదే ప్రాణం.

ఉదాహరణకు ఒకావిడకు ఈఏడీ (పనిచేసేందుకు అనుమతి కార్డు) వచ్చి 2025 జులైలో మొదటి ఉద్యోగంలో చేరారనుకోండి, త్రైమాసికానికి 26,000 డాలర్లు. 2026 మార్చిలో ఉద్యోగం పోయింది. మార్చిలో దరఖాస్తు చేస్తే ఆమె బేస్ పీరియడ్‌లో జులై నుంచి సెప్టెంబరు వరకు ఒక్క త్రైమాసికమే ఉంటుంది. టెక్సాస్‌లో కనీసం రెండు త్రైమాసికాల్లో జీతం కనిపించాలి, కాబట్టి దరఖాస్తు చెల్లదు. ఏప్రిల్ మొదట్లో చేస్తే అక్టోబరు నుంచి డిసెంబరు కూడా లెక్కలోకి వస్తుంది, చెల్లుతుంది. ఇలాంటివారు మాత్రమే ఆగాలి. మిగతా అందరూ వెంటనే చేయాలి. మామూలు లెక్కలో చెల్లకపోతే కొత్త త్రైమాసికాన్ని కలుపుకుని చూసే వెసులుబాటు కాలిఫోర్నియా, న్యూజెర్సీ, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో ఉంది. టెక్సాస్‌లో అలాంటి ప్రత్యామ్నాయ లెక్క జబ్బు, గాయం, వైకల్యం, గర్భం కారణంగా బేస్ పీరియడ్‌లో ఎక్కువకాలం పనిచేయలేకపోయినవారికే.

ఇప్పుడు మీ 605. టెక్సాస్ పద్ధతి ఇది: ఆ నాలుగు త్రైమాసికాల్లో మీకు ఎక్కువ జీతం వచ్చినదాన్ని 25తో భాగించాలి. మీ జీతం త్రైమాసికానికి 32,500, దాన్ని 25తో భాగిస్తే 1,300. కానీ పైన ఒక కప్పు ఉంది. 2025 అక్టోబరు నుంచి ఆ కప్పు, అంటే గరిష్ఠ మొత్తం, 605 డాలర్లు, కనీస మొత్తం 75. వెనక్కి లెక్క కట్టి చూడండి. 605ను 25తో హెచ్చిస్తే 15,125. అంటే ఏడాదికి దాదాపు 60,500 సంపాదించినవారికీ, 1,30,000 సంపాదించిన మీకూ, రెండు లక్షలు సంపాదించినవారికీ ఒకే మొత్తం. మీ పాత వారం జీతం 2,500లో ఇది నాలుగో వంతు కూడా కాదు. 'జీతంలో సగం వస్తుంది' అని ఎవరైనా అంటే అది తక్కువ జీతాల వారికి దాదాపు నిజం, ఐటీ జీతాల వారికి నిజం కాదు. ఇంటి వాయిదా, కారు వాయిదా లెక్కలు ఈ 605 మీదే వేసుకోండి.

ఎన్ని వారాలు అన్నదానికి రెండు లెక్కలు కట్టి తక్కువది తీసుకుంటారు. ఒకటి వారం మొత్తానికి 26 రెట్లు, రెండోది బేస్ పీరియడ్ జీతాల్లో 27 శాతం. మీకు మొదటిది 15,730, రెండోది 35,100. తక్కువది 15,730, కాబట్టి పూర్తి 26 వారాలు. పైన చెప్పిన ఈఏడీ ఆవిడకు రెండు త్రైమాసికాల జీతం 52,000లో 27 శాతం 14,040, అంటే 23 వారాల పైచిలుకు. ఆ వారాలు వరుసగానే వాడుకోవాలని లేదు. క్లెయిము మొదలైన రోజు నుంచి 52 వారాల్లోపు వాడుకోవాలి, మిగిలింది తరువాత చెల్లదు. ఏడాది గడిచాక మళ్లీ కొత్త క్లెయిము కావాలంటే ఈ మధ్యలో పనిచేసి కొత్త వారం మొత్తానికి కనీసం ఆరు రెట్లు సంపాదించి ఉండాలి.

అర్హతకు ఇంకో మెట్టు ఉంది. బేస్ పీరియడ్ మొత్తం జీతం, వారం భృతికి కనీసం 37 రెట్లు ఉండాలి. మీకు 605కు 37 రెట్లు 22,385, మీరు దాన్ని ఎప్పుడో దాటారు. కానీ పండుగల సీజనులో దుకాణాల్లో పనిచేసేవారిని ఇది దెబ్బతీస్తుంది. ఒక త్రైమాసికంలో 6,000 డాలర్లు, ఇంకోదానిలో 2,000 సంపాదించినవారి వారం మొత్తం 240 వస్తుంది. దానికి 37 రెట్లు 8,880. వారి మొత్తం 8,000 మాత్రమే, కాబట్టి ఒక్క డాలరు కూడా రాదు. అదే 8,000 రెండు త్రైమాసికాల్లో నాలుగేసి వేలుగా వచ్చి ఉంటే వారం మొత్తం 160, దానికి 37 రెట్లు 5,920, అర్హత ఉండేది. అన్యాయంగా కనిపించినా చట్టం అలాగే ఉంది. తిరస్కరణ ఉత్తరం వస్తే కోపంతో చించేయకుండా, అందులో కంపెనీలు చూపించిన త్రైమాసిక జీతాలు సరిగా ఉన్నాయో లేదో పే స్టబ్‌లతో (జీతం చీటీలతో) పోల్చండి. కంపెనీ జీతం తక్కువగా చూపినా, అసలు చూపకపోయినా సరిచేయించుకునే హక్కు మీకు ఉంది. ఆ పొరపాట్లు మీరనుకునేదానికన్నా ఎక్కువగా జరుగుతాయి.

మీ తమ్ముడి విషయం. న్యూజెర్సీలో బేస్ పీరియడ్ సగటు వారం జీతంలో 60 శాతం ఇస్తారు, 2025లో మొదలైన క్లెయిములకు కప్పు 875. కాలిఫోర్నియాలో కప్పు 450, అది 2005 నుంచి కదలలేదు. ఫ్లోరిడాలో 275, అదీ మామూలు రోజుల్లో 12 వారాలే, ఆ మొత్తం 1998 నుంచి అంతే. వాషింగ్టన్‌లో 2025 జులై నుంచి 1,152. న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి 504 దగ్గర ఆగిపోయి 2025 అక్టోబరులో ఒక్కసారిగా 869 అయింది. ఒకే దేశంలో ఇంత తేడా ఎందుకంటే, ఈ నిధికి పన్ను వేసేది చాలావరకు రాష్ట్రాలే. టెక్సాస్‌లో ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 9,000 డాలర్ల మీదే యజమాని ఈ పన్ను కడతాడు. కాలిఫోర్నియాలో మొదటి 7,000 మీదే. వాషింగ్టన్‌లో 2025లో మొదటి 72,800 మీద. ఎంత జీతం మీద పన్ను పడుతుందో అంత భృతి. కాలిఫోర్నియా నిధి ఫెడరల్ ప్రభుత్వానికి 20 బిలియన్ డాలర్లకు పైగా బాకీ పడటానికీ, అక్కడ ఇరవై ఏళ్లుగా 450 పెరగకపోవడానికీ మూలం ఈ 7,000లోనే ఉంది. మీ తమ్ముడి పే స్టబ్ చూడమనండి, నిరుద్యోగ బీమా కింద కొంత కోత కనిపిస్తుంది. ఉద్యోగుల నుంచి కూడా వసూలు చేసేది న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కా మాత్రమే.

అందుకని 'తమ్ముడి చిరునామా ఇచ్చి అక్కడ పెట్టుకో' అని మీకు ఎవరో ఇచ్చిన సలహా మరచిపోండి. క్లెయిము మీరు నివసించే రాష్ట్రంలో కాదు, మీ జీతం నమోదైన రాష్ట్రంలో. మీరు రేపు ఎడిసన్‌కు మారిపోయినా మీకు టెక్సాసే చెల్లిస్తుంది, 605 లెక్కనే. రెండు రాష్ట్రాల్లో పనిచేసి ఉంటే జీతాలు కలిపి ఒక రాష్ట్రంలో క్లెయిము చేసుకునే వీలుంది, అప్పుడు ఎక్కడ ఎక్కువ వస్తుందో కనుక్కుని నిర్ణయించుకోవచ్చు. ఇంటి నుంచే పనిచేసినవారు పే స్టబ్ మీద ఏ రాష్ట్రం పేరు ఉందో ముందు చూసుకోవాలి.

సెవరెన్స్. ఇక్కడ రాష్ట్రాల దారులు వేరు. కాలిఫోర్నియాలో మామూలుగా సెవరెన్స్ భృతిని ఆపదు. టెక్సాస్‌లో ఆపుతుంది. ఎన్ని వారాల సెవరెన్స్ ఇస్తే అన్ని వారాల భృతి వెనక్కి జరుగుతుంది. అయితే చట్టంలో ఒక మినహాయింపు ఉంది, అది మీకు వర్తించేలా కనిపిస్తోంది. కంపెనీ మీద దావా వేసే హక్కు వదులుకుంటున్నానని మీరు సంతకం పెట్టినందుకు బదులుగా ఇచ్చే డబ్బును టెక్సాస్ చట్టం సెవరెన్స్‌గా చూడదు. మీ ఒప్పందం చదవండి. సంతకం పెట్టినా పెట్టకపోయినా ఇచ్చే డబ్బు ఎంత, సంతకం పెడితేనే ఇచ్చే డబ్బు ఎంత అన్నది విడివిడిగా చూడండి. రెండోది భృతిని ఆపదు. ముందస్తు నోటీసుకు బదులుగా ఇచ్చిన జీతం మాత్రం ఆపుతుంది. దరఖాస్తులో దాచకుండా రాసి, ఒప్పందం ప్రతి జతచేయండి. ఆ డబ్బు ఏ కోవలోకి వస్తుందో రాష్ట్రం తేలుస్తుంది. మా లాంటి పేరోల్ వాళ్లం నోటీసులో 'సెవరెన్స్ 8 వారాలు' అని ఒక్క ముక్క రాసేస్తే మీకు రెండు నెలలు ఆగిపోతుంది. మీ వైపు నుంచి కాగితం ఉంటే ఆగదు. ఇంకా పేరోల్‌లోనే ఉంచి రెండు నెలలు పని లేకుండా జీతం ఇస్తున్నవారి సంగతి వేరు. ఆ గడువు ముగిసే దాకా వారు ఉద్యోగులే.

ఉద్యోగం ఎందుకు పోయిందన్న గడిలో ఏమి రాస్తారన్నది మిగతా అన్నిటికన్నా పెద్ద విషయం. మిమ్మల్ని లేఆఫ్ చేశారు కాబట్టి 'పని లేక తీసేశారు' అని రాయండి, చాలు. కానీ మన వాళ్లలో చాలామందిని హెచ్‌ఆర్ వారు పిలిచి, రాజీనామా రాస్తే రికార్డు బాగుంటుంది అని చెబుతారు. పరువు అనుకుని రాసిస్తారు. స్వయంగా మానేసినవారికి గట్టి కారణం లేకపోతే భృతి రాదు. రాజీనామా చేయకపోతే తీసేస్తామని చెప్పి రాయించుకుంటే, జరిగింది జరిగినట్టు దరఖాస్తులో చెప్పండి, ఆ ఈమెయిల్ ఉంటే భద్రపరచండి. పనితీరు బాగాలేదని తీసేసినా భయపడనవసరం లేదు. చేతనైనంత చేసినా లక్ష్యం అందుకోలేకపోవడం దుష్ప్రవర్తన కాదు. చెప్పకుండా మానడం, అబద్ధపు గంటలు రాయడం, తెలిసి తెలిసి నిబంధన మీరడం లాంటివి దుష్ప్రవర్తన. ఈ తేడా దగ్గరే కంపెనీలు ఎక్కువగా ఓడిపోతాయి.

డబ్బు దానంతట అదే రాదు. టెక్సాస్‌లో రెండు వారాలకోసారి మీరు ఆన్‌లైన్లో గానీ ఫోనులో గానీ చెల్లింపు అడగాలి. దరఖాస్తు చేసిన మూడు పనిదినాల్లో రాష్ట్రపు ఉద్యోగాల వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. వారానికి ఎన్ని చోట్ల ప్రయత్నించాలో మీ కౌంటీని బట్టి ఉత్తరంలో చెబుతారు. తేదీ, కంపెనీ, ఎవరితో మాట్లాడారు, ఏమైంది అని ఒక పట్టికలో రాసుకోండి, ఎప్పుడైనా అడగవచ్చు. మొదటి ఎనిమిది వారాలు మీ పాత జీతంలో 90 శాతం ఇచ్చే తగిన ఉద్యోగాన్ని కాదనకూడదు, ఆ తరువాత 75 శాతం ఇచ్చేదాన్ని కూడా. మొదటి అర్హత వారానికి వెంటనే డబ్బు రాదు. రెండు వారాల మొత్తానికి సరిపడా భృతి అందుకుని, మళ్లీ పూర్తికాలపు ఉద్యోగంలో చేరాక, లేదా భృతి అంతా అయిపోయాక ఆ వారానిది ఇస్తారు. కాబట్టి మొదట్లో సున్నా కనిపిస్తే కంగారు పడకండి.

అకౌంటింగ్ ఆఫీసు పని ఒప్పుకోవచ్చు. టెక్సాస్‌లో వారం భృతిలో 25 శాతం వరకు సంపాదన లెక్కలోకి రాదు, మీకు అది 151 డాలర్లు. వారంలో 200 సంపాదిస్తే పైనున్న 49 మాత్రమే తగ్గించి దాదాపు 556 ఇస్తారు. అంటే ఆ వారం మీ చేతికి 756 వస్తాయి. పైగా తగ్గించిన 49 పోదు, మీ ఖాతాలో మిగిలి చివర్లో పనికొస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్న మీ బంధువులకు లెక్క వేరు. 25 డాలర్లు, సంపాదనలో నాలుగో వంతు, ఈ రెండింట్లో ఎక్కువది వదిలి మిగతాది కోస్తారు. ఎక్కడైనా రెండు నియమాలు ఒకటే. చేతికి వచ్చింది కాదు, పన్నులు కోయకముందు మొత్తం చెప్పాలి. చెక్కు వచ్చిన వారం కాదు, పనిచేసిన వారం కింద చెప్పాలి. రాష్ట్రం మా లాంటి యజమానులు పంపే జీతాల వివరాలతో వీటిని పోలుస్తుంది, తేడా తప్పకుండా బయటపడుతుంది. ఇంకొకటి, ఆ చిన్న ఉద్యోగాన్ని నచ్చక మధ్యలో మానేస్తే, దాన్ని ఎందుకు మానేశారని కూడా విచారిస్తారు. ఆలోచించి చేరండి.

రాజమహేంద్రవరం ప్రయాణం గురించి. అమ్మగారి ఆరోగ్యం ముందు, వెళ్లండి. కానీ అక్కడున్న వారాలకు చెల్లింపు అడగవద్దు. పనికి అందుబాటులో ఉన్నారా అని ప్రతి వారం అడుగుతారు. పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో ఉండి అవునని నొక్కడం అబద్ధం చెప్పడమే. లాగిన్ ఏ దేశం నుంచి జరిగిందో వారికి కనిపిస్తుంది. మోసంగా తేలితే తీసుకున్నదంతా తిరిగి కట్టాలి, పైన జరిమానా పడుతుంది. ఫెడరల్ చట్టం ప్రకారం అది కనీసం 15 శాతం, కాలిఫోర్నియాలో 30 శాతం. గ్రీన్ కార్డు మీద ఉన్నవారు పౌరసత్వానికి వెళ్లేటప్పుడు ఈ మచ్చ ఎంత ఇబ్బంది పెడుతుందో వేరే చెప్పనవసరం లేదు. నిజాయితీగా ఆ వారాలు వదిలేస్తే మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. తిరిగి వచ్చాక క్లెయిము మళ్లీ తెరిపించుకోండి, 52 వారాల గడువు లోపల మీ 26 వారాలు మీకు ఉంటాయి.

మీకు సంబంధం లేకపోయినా ఇది చదివేవారిలో హెచ్-1బీ మీద ఉన్నవారు తప్పకుండా ఉంటారు, వారి కోసం. వారి జీతం మీద యజమాని ఈ పన్ను కడతాడు, ఆ జీతం బేస్ పీరియడ్‌లో కనిపిస్తుంది. అయినా చాలాసార్లు భృతి రాదు. ఎందుకంటే ఉద్యోగం పోయిన రోజు నుంచి వారు ఏ యజమాని దగ్గరైనా వెంటనే చేరగలిగిన స్థితిలో లేరు, కొత్త యజమాని పిటిషన్ వేయాలి. దాన్ని 'పనికి అందుబాటులో లేరు' అని రాష్ట్రాలు ఎక్కువగా తీర్మానిస్తాయి. ఒక్కో రాష్ట్రం చూసే తీరులో తేడా ఉంది కాబట్టి నిజం రాసి దరఖాస్తు చేయడంలో తప్పు లేదు. పౌరులమని గానీ, ఏ పనైనా చేసే అనుమతి ఉందని గానీ గడి నింపడమే తప్పు. వారికి అసలు గడియారం భృతిది కాదు, కొత్త యజమానిని వెతుక్కోవడానికి ఉండే 60 రోజుల గడువుది. ముందు వలస న్యాయవాదితో మాట్లాడండి. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగులో ఉండి దాని మీద ఈఏడీ ఉన్నవారు, హెచ్-4 (హెచ్-1బీ వారి జీవిత భాగస్వామి వీసా) ఈఏడీ ఉన్నవారు ఈ ఇబ్బందిలో లేరు, కార్డు గడువు ఉన్నంతవరకు ఎక్కడైనా పనిచేయగలరు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఓపీటీలో (చదువుకు సంబంధించిన తాత్కాలిక పని అనుమతిలో) పనిచేసిన పిల్లల జీతం మీద మొదటి ఐదేళ్లూ సాధారణంగా ఫెడరల్ నిరుద్యోగ పన్ను ఉండదు, ఆ జీతాన్ని చాలా రాష్ట్రాలు భృతి లెక్కలో చేర్చవు. 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టరుగా, పనిచేసినవారికి కూడా మామూలుగా రాదు. 2020, 2021లో కరోనా కాలపు ప్రత్యేక చట్టం కింద వారికి ఇచ్చారు, అది 2021 సెప్టెంబరులో ముగిసింది. ఇప్పటికీ ఆ రోజులను గుర్తుపెట్టుకుని 'వారానికి 600 అదనం' అని చెప్పేవారి మాట నమ్మకండి. కాగితం మీద 1099 రాసి, గంటలూ పనీ అన్నీ కంపెనీయే శాసించి ఉంటే మాత్రం మీరు నిజానికి ఉద్యోగేనా అని విచారించమని రాష్ట్రాన్ని అడగవచ్చు.

భృతి తీసుకుంటే గ్రీన్ కార్డుకు అడ్డమా అని కూడా తరచుగా అడుగుతారు. ఇది సంపాదించుకున్న బీమా. ప్రభుత్వానికి భారమయ్యారా అని చూసే 2022 నాటి నిబంధనలో ఇది లెక్కలోకి రాదు.

తిరస్కరించారనుకోండి. టెక్సాస్‌లో ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి 14 రోజుల్లో అప్పీలు చేయాలి, కాలిఫోర్నియాలో 30 రోజులు. ఉత్తరం ఇంటికి చేరేసరికే కొన్ని రోజులు పోతాయి కాబట్టి ఆన్‌లైన్ ఖాతాను రోజూ చూడండి. విచారణ ఎక్కువగా ఫోనులోనే జరుగుతుంది. కళ్లారా చూసినవారి మాటకు అక్కడ విలువ ఎక్కువ. కంపెనీ తరఫున నాలాంటి పేరోల్ మనిషి కాగితం చదివితే దాని బరువు తక్కువ, మీరు స్వయంగా జరిగింది చెబితే దాని బరువు ఎక్కువ. ఇంగ్లీషులో తడబడతామన్న భయం ఉంటే దుబాసీని అడగండి, ఉచితంగానే ఇస్తారు. అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ రెండు వారాలకోసారి చెల్లింపు అడగడం మానవద్దు. గెలిచినా, అడగని వారాలకు డబ్బు రాదు. గెలిచి కూడా ఈ ఒక్క కారణంతో నష్టపోయినవారిని చూశాను.

పన్ను సంగతి. ఇది ఫెడరల్ ఆదాయపు పన్ను కిందకు వస్తుంది. వచ్చే జనవరిలో 1099-జీ అనే పత్రం పంపుతారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీలు దీని మీద రాష్ట్ర పన్ను వేయవు. దరఖాస్తులో పది శాతం ముందే మినహాయించమని ఒక గడి ఉంటుంది. మీ వారి జీతంతో కలిపి పన్ను కట్టాలి కాబట్టి మీరు దాన్ని ఎంచుకోవడమే మంచిది. అప్పుడు వారానికి 544 చేతికి వస్తాయి. దరఖాస్తుకు డబ్బు తీసుకునే ఏజెంట్లనూ, చివర 'డాట్ గవ్' లేని వెబ్‌సైట్లనూ దగ్గరకు రానివ్వకండి, దరఖాస్తు పూర్తిగా ఉచితం. కూర్చునే ముందు చివరి పే స్టబ్, పోయినేడాది డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్నుల పత్రం), గ్రీన్ కార్డు నంబరు, గత ఏడాదిన్నరలో పనిచేసిన కంపెనీల పేర్లు, చిరునామాలు, చేరిన తేదీలు, మానేసిన తేదీలు దగ్గర పెట్టుకోండి. సెవరెన్స్ ఒప్పందం మీద సంతకానికి ఎన్ని రోజులు గడువు ఇచ్చారో, సంతకం లేకుండా ఇచ్చే డబ్బు అందులో విడిగా ఉందో లేదో ఇక్కడే రాస్తే, ఆ వాక్యాన్ని ఎలా చదవాలో చెబుతాను.